అమ్మానాన్నని లండన్‌లో చిన్న మోడ్రన్ బ్రిటిష్ రెస్టారెంట్‌కి తీసుకెళ్దామని, బీఫ్ తినరు, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

రీడింగ్_తెనాలి:

అందరికీ నమస్తే. మేం రీడింగ్‌లో ఉంటాం. అమ్మానాన్న తెనాలి నుంచి పోయిన నెల వచ్చారు, జూన్ నెలాఖరు దాకా ఉంటారు. ఇప్పటిదాకా బయట తిన్నదంతా మన తిండే, సౌతాల్‌లో చాట్, ఈస్ట్ హామ్‌లో దోసెలు, ఇక్కడ మా వీధి చివర బిర్యానీ. మొన్న దోసె తింటూ నాన్న "ఇంత దూరం విమానమెక్కి వచ్చి ఇదేంట్రా, ఈ దేశం వాళ్ళు మంచిగా వండుకుంటే ఎలా ఉంటుందో ఒక్క పూట పెట్టించు" అన్నారు. ఆయన రిటైర్డ్ సోషల్ మాస్టారు, ఏ ఊరెళ్ళినా అక్కడి వాళ్ళేం తింటారో అడిగి తెలుసుకునే మనిషి, కాబట్టి ఆ మాట ఊరికే అనలేదని నాకు తెలుసు. ఫిష్ అండ్ చిప్స్ ఆల్రెడీ అయిపోయింది, నేననేది అది కాదు.

పోయినేడాది ఆఫీసు వాళ్ళతో ఒక చిన్న రెస్టారెంట్‌కి వెళ్ళా. పట్టుమని ఇరవై టేబుళ్ళు కూడా లేవు, చెక్క నేల, ప్రతి టేబుల్ మీద ఒక కొవ్వొత్తి, మెనూ ఒకే ఒక్క కాగితం, కింద ఆ రోజు తేదీ. వచ్చింది ప్లేస్ (plaice) అనే ఒక పలచటి సముద్రపు చేప, ముల్లుతో సహా మొత్తం చేప, పైన వెన్నని ఎర్రగా కాచి కేపర్లు (ఊరబెట్టిన పుల్లటి చిన్న మొగ్గలు) వేసి పోశారు, ఇంకేం లేదు. ఆ చేప రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. అలాంటి చోటుకి వీళ్ళని తీసుకెళ్ళాలని నా కోరిక.

ఇక నా భయాలు చెప్తా. ఇద్దరూ బీఫ్ ముట్టరు, అమ్మ పంది మాంసం కూడా తినదు, శనివారం అయితే గుడ్డు కూడా ఉండదు. మెనూలో మూడు మాటలే రాస్తారు, హాగెట్, టర్నిప్, యాంచోవీ అని, అందులో ఏముందో నాకే అర్థం కాదు, ఇక వాళ్ళకేం చెప్పను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు కష్టం. ఆరేళ్ళ బాబు ఉన్నాడు. నలుగురు పెద్దవాళ్ళం, ఒక పిల్లాడు, 250 పౌండ్లలో అవుతుందా? వైన్ ఎవరికీ అక్కర్లేదు. కారం లేకపోతే అమ్మకి ముద్ద దిగుతుందా అనేది ఇంకో టెన్షన్. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

వంటింటి_షిఫ్ట్:

మీ పోస్ట్ చూసి రిప్లై ఇవ్వకుండా ఉండలేకపోయానండి. మాది వైజాగ్, చదువుకునే రోజుల్లో లండన్‌లో ఇలాంటి ఒక చిన్న రెస్టారెంట్‌లోనే గిన్నెలు తోమడంతో మొదలుపెట్టి కూరగాయల సెక్షన్ దాకా వెళ్ళా, కాబట్టి కిచెన్ లోపలి నుంచి చెప్తా.

ముందు అన్నిటికన్నా ముఖ్యమైంది. మీరు మెనూలో బీఫ్ అన్న మాట కోసం వెతుకుతారు, అది లేకపోతే ఫర్వాలేదనుకుంటారు, కానీ బీఫ్ ఎక్కువగా దాక్కునేది సాస్‌లో. చికెన్ మీదో లాంబ్ మీదో పోసే ఆ నిగనిగలాడే బ్రౌన్ సాస్ ఉంది చూశారా, చాలా కిచెన్లలో దానికి మూలం దూడ ఎముకల స్టాక్. ఎముకల్ని ఓవెన్లో ఎర్రగా కాల్చి, క్యారెట్టు ఉల్లిపాయ సెలెరీ వేసి, పెద్ద గుండిగలో గంటల తరబడి సన్నసెగన మరిగించి, వడకట్టి, చెంచాకి అంటుకునేంత చిక్కగా ఇంకబెడతారు. కొన్నిచోట్ల కోడి ఎముకలతోనే చేస్తారు, అప్పుడు మీకు ఇబ్బంది లేదు, కానీ మెనూలో అది రాసి ఉండదు, అడిగితేనే తెలుస్తుంది. తర్వాత డ్రిప్పింగ్, అంటే కరిగించిన గొడ్డు కొవ్వు. రోస్ట్ పొటాటోలు, చిప్స్, యార్క్‌షైర్ పుడ్డింగ్ చాలా చోట్ల అందులోనే చేస్తారు. స్యూయెట్ అని ఇంకోటి, అది మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు, మాంసం పై (pie) మీద కప్పే పిండిలో, ఆవిరి మీద ఉడికించే కొన్ని స్వీట్లలో కూడా వేస్తారు. పంది సంగతికొస్తే బఠాణీల్లో, కాల్చిన క్యాబేజీ మీద చిన్న చిన్న బేకన్ ముక్కలు వేయడం ఇక్కడ మామూలు, కూరగాయే కదా అని ఆర్డర్ చేస్తే అమ్మగారికి కష్టమవుతుంది.

అలాగని భయపడకండి, ఇది సాల్వ్ అయ్యే సమస్యే. బుక్ చేసేటప్పుడే నోట్స్‌లో రాయండి, తర్వాత రెండ్రోజుల ముందు ఒక ఫోన్ చేయండి. ఫోన్ మధ్యాహ్నం మూడింటి తర్వాత ఐదు లోపు చేయాలి, లంచ్ అయిపోయి డిన్నర్ ఇంకా మొదలవ్వని టైం అది, ఫోన్ ఎత్తిన అమ్మాయి లోపలికెళ్ళి చెఫ్‌ని అడిగి రాగలదు. రాత్రి ఎనిమిదింటికి చేస్తే ఎవరికీ తీరిక ఉండదు. ఇంకో మాట, తినం అన్నదాన్ని ఎలర్జీ అని మాత్రం చెప్పకండి, చాలామంది మనవాళ్ళు అలా చెప్తే జాగ్రత్తగా చూస్తారని చెప్తుంటారు. ఎలర్జీ అంటే కిచెన్లో కత్తి, బోర్డు, పెనం అన్నీ మార్చి విడిగా వండుతారు, ఆర్డర్ చీటీ మీద పెద్దగా రాస్తారు, దాంతో మామూలుగా ఇవ్వగలిగినవి కూడా రిస్క్ ఎందుకని ఇవ్వరు. "మా మతాచారం ప్రకారం బీఫ్ తినం, స్టాక్‌లో, కొవ్వులో కూడా వద్దు" అని ఉన్నదున్నట్టు చెప్తే వాళ్ళు గౌరవంగానే వింటారు. చిన్న చోట్ల చెఫ్ అక్కడే నిలబడి వండుతుంటాడు కాబట్టి సాస్ మార్చి పొయ్యడం అతని చేతిలో పనే.

ఏం తినాలంటే, ఇది మే నెల, మీ అదృష్టం. ఆస్పరాగస్ అంటే పొడుగు కాడల్లా ఉండే పచ్చటి కూరగాయ, ఇంగ్లిష్ ఆస్పరాగస్ సీజన్ ఆనవాయితీగా ఏప్రిల్ 23, సెయింట్ జార్జ్ డే నుంచి జూన్ 21 దాకా అంటారు. ఆ కొద్ది వారాలూ ఈ రెస్టారెంట్ల మెనూ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పొద్దున కోసింది మధ్యాహ్నానికి పెనం మీదకొస్తే ఆ తీపి వేరు, సూపర్ మార్కెట్లో పెరూ నుంచి వచ్చేదానితో పోల్చకండి. ఇంకో సంగతి, ఆస్పరాగస్‌ని చేత్తో తినడం ఇక్కడి పద్ధతిలో తప్పే కాదు, కాడ పట్టుకుని కరిగిన వెన్నలో ముంచుకుని తింటారు, కాబట్టి అమ్మగారు ఫోర్కుతో కుస్తీ పట్టక్కర్లేదు. దాంతోపాటు జెర్సీ రాయల్ బంగాళాదుంపలు కూడా ఇప్పుడే వస్తాయి, తొక్క తీయకుండా ఉడకబెట్టి వెన్న ఉప్పు వేసి ఇస్తారు. మెయిన్స్‌లో మీరు తిన్నట్టే మొత్తం చేప తీసుకోండి, మన కోస్తా వాళ్ళకి ముల్లు తీసుకుని తినడం కొత్తేం కాదు. లాంబ్ తీసుకుంటే ఒక జాగ్రత్త, రంప్ (తుంటి దగ్గరి మాంసం), కట్‌లెట్ (పక్కటెముకతో ఉన్న ముక్క) లాంటివి లోపల గులాబీ రంగులో ఉండగానే ఇస్తారు, మన పెద్దవాళ్ళు దాన్ని చూసి పచ్చిగా ఉందంటారు. షోల్డర్ (భుజం మాంసం) అని ఉంటే అది అడగండి, గంటలు గంటలు మగ్గబెట్టింది, వేళ్ళతో తాకితే విడిపోతుంది. హాగెట్ అంటే ఏడాది దాటిన, రెండేళ్ళు నిండని గొర్రె. లాంబ్ కన్నా మాంసం రుచి ఎక్కువ, మన మటన్ అలవాటున్న నాలుకకి అదే బాగా నచ్చుతుంది.

కారం గురించి. పచ్చిమిరప, ఎండుమిరప ఉండవు నిజమే, కానీ ఘాటు లేదనకండి. ఇంగ్లిష్ మస్టర్డ్ ఒక చిన్న గిన్నెలో అడగండి, హార్స్‌రాడిష్ అనే ఘాటైన వేరు పచ్చడి కూడా అడగండి, ముక్కుకి ఎక్కుతుంది. ఆవ పెట్టిన కూరలు తినే ఇంట్లో పుట్టినవాళ్ళకి అది వెంటనే సొంతమైపోతుంది.

కరీంనగర్_క్రాయిడన్:

అన్నా, మీ నాయిన అడిగింది మంచిగనిపించింది. ఇంత దూరమొచ్చి మళ్ల దోశ తినుడేంది.

నాకు లండన్‌ల అన్నిటికన్న ఇష్టమైన జాగ సెయింట్ జాన్, స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ పక్కన్నే ఉంటది. 1994ల ఫెర్గస్ హెండర్సన్, ట్రెవర్ గలివర్ అనేటోళ్లు పెట్టిన్రు. అంతకుముందు ఆ బిల్డింగుల పందిమాంసానికి పొగ పట్టిచ్చేటోళ్లు. లోపల గోడలన్నీ తెల్లగ ఉంటయి, పటాలు గిటాలు ఏముండయి, కోట్లు తగిలేసుకునేటందుకు గోడ పొంటి కొక్కాలు ఉంటయి, టేబుల్ మీద తెల్ల కాయితం పరుస్తరు, గంతే. మోడ్రన్ బ్రిటిష్ అని ఇయ్యాల మనం అంటున్న చిన్న రెస్టారెంట్లు ఎన్నో ఆడ పనిచేసినోళ్లు, ఆడ తిని నేర్చుకున్నోళ్లు పెట్టినయే.

ఆళ్ల మాటేందంటే జీవాన్ని కోసినంక ముక్కు నుంచి తోక దాక ఏదీ పారెయ్యద్దు, అది ఆ జీవానికి ఇచ్చే మర్యాద అని. నేను ఫస్ట్ టైం పోయినప్పుడు మెనూ చూసి మా ఊరే యాదికొచ్చింది. మా దిక్కు యాటను కోస్తే తలకాయ, కాళ్లు, బోటి, కార్జం, నల్ల, ఏదన్న ఇడిసిపెడ్తమా? ఆడ గుర్దాలు వేడి వేడి టోస్టు మీద వేసి ఇస్తరు, మిర్యం, ఆవాల ఘాటు మంచిగ తగుల్తది. మా బాపు లండన్‌కొచ్చినప్పుడు ఆడికే తోల్కపోయిన. కార్డు పట్టుకొని ఏది మాంసం, ఏది లోపలి భాగం అని ఒక్కొక్కటి అడిగిండు, తిన్నంక వెయిటర్ పోరన్ని పిలిచి "బాగ ఉడికింది బిడ్డా" అని తెలుగులనే చెప్పిండు, ఆ పోరనికి అర్థమైంది చూడు.

గని ఒక్కటి చెప్త, ఆడ అందరు ఎగబడి తినేది కాల్చిన మూలుగ బొక్కలు, పార్స్లీ సలాడ్. సన్నటి పొడుగు చెంచా ఇస్తరు, దానితోటి మూలుగ తీసి టోస్టు మీద రాసుకొని, ముతక ఉప్పు జల్లుకొని, పైన పార్స్లీ, సన్నగ కోసిన ఉల్లిగడ్డ, కేపర్లు, నిమ్మరసం కలిపిన ఆకులు పెట్టుకొని తినాలె. అవి దూడ బొక్కలు, అంటే బీఫే. మీ అమ్మానాయినకు అది వద్దు, ఎవరో చెప్పిన్రని ఆర్డర్ పెట్టకున్రి. మెనూ రోజూ మారుతది, చేప, కోడి, గొర్రె ఏదో ఒకటి ఉంటది. ఆఖరికి మాడ్లీన్లు చెప్పున్రి, చిన్న గవ్వల ఆకారంల కేకులు, ఆర్డర్ ఇచ్చినంకనే ఓవెన్ల పెడ్తరు, పావుగంట పడ్తది, పొగలు కక్కుకుంట వస్తయి. మీ పిల్లగాడు ఇడిసిపెట్టడు. ఎక్కల్స్ కేక్ అని ఇంకోటి, పొరలు పొరలు పఫ్ లోపల నల్లటి ఎండుద్రాక్ష, పక్కకు లాంకషైర్ చీజ్ ముక్క, తీపీ ఉప్పూ రెండు కలిపి కొరకాలె.

రీడింగ్ నుంచి ఎలిజబెత్ లైన్ ఎక్కితే మారకుంట సీదా ఫారింగ్డన్‌ల దిగుతరు, లిఫ్టు ఉంది, ఆడికెళ్లి నడిచిపోవుడే. అమ్మకు ఇబ్బంది ఉండది.

ఇక్కడే_ఒక_మాట:

నేను కొంచెం వేరే మాట చెప్తా, ఎవరూ ఏమీ అనుకోకండి. మా పెళ్ళిరోజుకి ఇలాంటి ఒక చోటుకి, పేరు చెప్పను, మా ఆయన నేను వెళ్ళాం. ఒక స్టార్టర్, ఒక మెయిన్, ఒక స్వీట్ చొప్పున తీసుకున్నాం, ప్లేట్లో నాలుగు ముక్కలు, ప్లేటు కూడా గోరువెచ్చగా ఉంది, ఒక్కో ఐటెంకి మధ్య అరగంట గ్యాప్, బిల్లు 180 పౌండ్లు. ఇంటికొచ్చి పెరుగన్నం మాగాయ తిన్నాం. మన పేరెంట్స్ పౌండ్లని రూపాయల్లోకి మార్చి లెక్కేసుకుంటారు, ఆ బిల్లు చూస్తే వాళ్ళకి తిన్నది ఒంటబట్టదు. ఆకలితో బయటికొస్తే మీకే బాధ. ఆలోచించుకోండి.

వంటింటి_షిఫ్ట్:

మీరు చెప్పింది జరుగుతుందండి, అందులో అబద్ధం లేదు. ఆకలితో బయటికి రావడానికి ఒక పెద్ద కారణం ఏంటంటే మన భోజనంలో అన్నం చేసే పని ఇక్కడ బ్రెడ్డూ బంగాళాదుంపలూ చేస్తాయి, అవి మెయిన్‌తో రావు, విడిగా ఆర్డర్ చేయాలి, మనం అది తెలియక సైడ్స్ అనవసరం అని వదిలేస్తాం. బ్రెడ్ తప్పకుండా చెప్పండి, చాలా చోట్ల పొద్దున వాళ్ళే కాల్చిన పుల్లటి బ్రెడ్, వెన్న కూడా మంచిది. గోరువెచ్చగా ఉండడం కూడా తెలిసి చేసేదే, మాంసాన్ని పొయ్యి మీంచి దించాక కాసేపు ఆగనివ్వకుండా కోస్తే రసమంతా కారిపోతుంది, అందుకని ఆపి ఇస్తారు. పొగలు కక్కే అన్నం తినేవాళ్ళకి అది చల్లారిపోయినట్టు అనిపిస్తుంది, పెద్దవాళ్ళకి ముందే చెప్పి తీసుకెళ్తే సరిపోతుంది. గ్యాప్ గురించి అయితే ఆర్డర్ ఇచ్చేటప్పుడే అన్నీ మధ్యలో పెట్టండి, పంచుకుంటాం, పెద్దవాళ్ళున్నారు మరీ లేట్ చేయకండి అని చెప్పండి, చిన్న చోట్ల వింటారు.

లెక్క కూడా వేద్దాం, ఉజ్జాయింపుగానే సుమండీ, చోటుని బట్టి మారుతుంది. మనిషికొక మెయిన్ అనుకోకండి. బ్రెడ్ రెండు ప్లేట్లు 10, స్టార్టర్లు మూడు 39, మెయిన్లు మూడు 87, సైడ్స్ మూడు 21, స్వీట్లు మూడు 30, టీ కాఫీ జ్యూసులు 20, అంతా 207 పౌండ్లు. దాని మీద సర్వీస్ చార్జ్ 12.5 శాతం అంటే దాదాపు 26, మొత్తం 233 దగ్గర తేలుతుంది. వ్యాట్ మెనూ రేట్లలోనే కలిసి ఉంటుంది. లంచ్‌కి సెట్ మెనూ పెట్టే చోటైతే ఇంకా తగ్గుతుంది. నీళ్ళ దగ్గర మొహమాటపడి బాటిల్ కొనకండి, మందు అమ్మే లైసెన్స్ ఉన్న ఏ చోటైనా ట్యాప్ వాటర్ ఊరికే ఇవ్వాలని ఇక్కడ రూలుంది. సర్వీస్ చార్జ్ చాలా చోట్ల ఆప్షనల్, నచ్చకపోతే తీసేయమని అడగొచ్చు. కానీ బాగా చూసుకుంటే ఇవ్వండి, 2024 అక్టోబర్ 1 నుంచి ఆ డబ్బంతా పనిచేసేవాళ్ళకే చేరాలని చట్టం వచ్చింది, ఓనరు అందులోంచి కోసుకోవడానికి లేదు. గిన్నెలు తోమే కుర్రాడికి కూడా అందులో వాటా వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

లీడ్స్_శాకాహారి:

అమ్మగారి శనివారం గురించి ఎవరూ మాట్లాడలేదని రాస్తున్నా. నేను పుట్టు శాకాహారిని, గుడ్డు కూడా తినను, ఇలాంటి చోట్లకి చాలా ఇష్టంగా వెళ్తాను, ఎందుకంటే కూరగాయని ఇంత శ్రద్ధగా వండేవాళ్ళు ఈ దేశంలో ఇంకెక్కడా కనపడలేదు నాకు. కానీ అందరితో కలిసి వెళ్తున్నప్పుడు శనివారం పెట్టుకోకండి, ఆ రోజు అక్కడ రద్దీ, కిచెన్ ఊపిరాడకుండా ఉంటుంది, మార్పులు చేయించుకోవడానికి అది రోజు కాదు. మంగళ, బుధవారాల్లో లంచ్ చాలా ప్రశాంతంగా ఉంటుంది. ఇంకో లాభం, రాత్రిపూట కొవ్వొత్తి వెలుగులో ఆ చిన్న అక్షరాల మెనూ పెద్దవాళ్ళు చదవలేరు, పగలైతే కిటికీ పక్క టేబుల్ అడిగి నాన్నగారి చేతికే మెనూ ఇవ్వొచ్చు.

గుడ్డు తినని రోజు స్వీట్ ఏం తినాలో చెప్తా, పాసెట్ అని ఉంటే కళ్ళు మూసుకుని తీసుకోండి. మీగడ, పంచదార కలిపి మరిగించి దాంట్లో నిమ్మరసం పోస్తారు, ఆ పులుపుకే అది మెల్లగా గట్టిపడి గిన్నెలో గడ్డకట్టిన పెరుగులా కూర్చుంటుంది, గుడ్డు లేదు, జెలటిన్ లేదు. పైన ఇప్పుడైతే స్ట్రాబెర్రీలో రూబార్బో వేస్తారు, పక్కన వెన్న బిస్కెట్. పన్నా కొట్టా చూడ్డానికి అలాగే తెల్లగా ఉంటుంది కానీ అందులో జెలటిన్ ఉంటుంది, అది పంది నుంచో గొడ్డు నుంచో తీసింది. స్టికీ టాఫీ పుడ్డింగ్ ఖర్జూరాలతో చేసిన వేడి కేకు, పైన టాఫీ సాస్, నాన్నగారికీ బాబుకీ చాలా నచ్చుతుంది, కాకపోతే గుడ్డుంటుంది. వెల్ష్ రేర్‌బిట్ అంటే టోస్ట్ మీద చీజ్ కదా అని శాకాహారం అనుకుంటాం, అందులో బీర్ పోస్తారు, వూస్టర్ సాస్ వేస్తారు, ఆ సాస్‌లో యాంచోవీ చేపలుంటాయి. పాత పద్ధతి చీజ్‌లు చాలా వరకు దూడ పొట్ట నుంచి తీసిన రెనెట్‌తో తోడు పెట్టినవే, మీ అమ్మగారికి అది పట్టింపైతే వెజిటేరియన్ రెనెట్‌తో చేసింది ఏముందో అడగండి, ఈ చోట్లలో చీజ్ ఏ ఊర్లో ఎవరు చేశారో కూడా చెప్తారు.

నాటింగ్‌హామ్_నెల్లూరు:

మీ నాన్నగారు సోషల్ మాస్టారని చదివి ఆయన కోసం కొంచెం హిస్టరీ రాస్తున్నా సార్, టేబుల్ దగ్గర కూర్చుని ఎదురుచూసేటప్పుడు చెప్పుకోడానికి బాగుంటుంది.

ఇంగ్లిష్ వాళ్ళ తిండి చప్పగా ఉంటుందనే పేరుకి వెనక రెండో ప్రపంచ యుద్ధం ఉంది. 1940 జనవరిలో రేషన్ మొదలైంది, యుద్ధం అయిపోయాక కూడా ఆగలేదు, చివరికి మాంసం మీద రేషన్ ఎత్తేసింది 1954 జూలైలో. పద్నాలుగేళ్ళు. వెన్న, గుడ్డు, మాంసం అన్నీ కూపన్ల మీదే. పాలన్నీ దాదాపు ఒకే రకం చీజ్‌కి మళ్ళించారు, దాన్ని గవర్నమెంట్ చెడ్డర్ అనేవాళ్ళు, దాంతో పల్లెల్లో ఇళ్ళల్లో చేసుకునే రకరకాల చీజ్‌లు చాలా మాయమైపోయాయి. ఒక తరం పిల్లలు అమ్మమ్మ వంట తినకుండా పెరిగితే ఆ వంట ఎవరికి తెలుస్తుంది? తర్వాత మంచి హోటల్ అంటే ఫ్రెంచ్ హోటల్ అనే లెక్కైపోయింది, మెనూ కూడా ఫ్రెంచ్‌లోనే ఉండేది.

అది తిరగబడింది ఎనభైల్లో, తొంభైల్లో. 1991లో ఫారింగ్డన్ రోడ్డు మీద ది ఈగల్ అనే పాత పబ్‌లో ఇద్దరు కుర్రాళ్ళు పొయ్యి పెట్టి బార్ పక్కనే వంట మొదలుపెట్టారు, ఏమున్నాయో నల్లబోర్డు మీద రాసేవాళ్ళు, గ్యాస్ట్రోపబ్ అన్న పేరు అక్కణ్ణుంచే వచ్చింది. మూడేళ్ళకి పైన అన్న చెప్పిన సెయింట్ జాన్. ఈ దేశపు నేలలో ఈ వారం ఏం దొరికిందో అదే వండుతాం, దాన్ని సాదాగా పెడతాం, పేర్లు ఇంగ్లిష్‌లోనే రాస్తాం అనే పట్టుదలతో చేసిన వాళ్ళు వీళ్ళు. అందుకే నాకు ఈ మూడు మాటల మెనూ అంటే గౌరవం. పోగొట్టుకున్నదాన్ని వెతికి తెచ్చుకున్న వంట ఇది, కారం లేదనే ఒక్క కారణంతో దాన్ని కొట్టిపారేయడం నాకు మనసొప్పదు.

అదే ఫారింగ్డన్ రోడ్డులో ది క్వాలిటీ చాప్ హౌస్ కూడా ఉంది, 1869 నుంచి ఉన్న జాగా, ఒకప్పుడు కూలీనాలీ జనం తినడానికి పెట్టింది. కిటికీ అద్దం మీద శ్రామిక వర్గానికి భోజనం పెట్టేవాళ్ళమని ఇప్పటికీ రాసి ఉంటుంది, నాన్నగారికి చూపించండి, ఆయన అక్కడే ఆగిపోతారు. అక్కడ కాన్ఫీ పొటాటో అని ఒకటి చేస్తారు, బంగాళాదుంపల్ని కాగితమంత పల్చగా కోసి, బాతు కొవ్వులో తడిపి పొరల మీద పొరలు పేర్చి ఓవెన్లో ఉడికించి, పైన బరువు పెట్టి ఒక రాత్రంతా అణచి ఉంచి, మర్నాడు వేలెడంత ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. పైన కరకర, లోపల పొరలు పొరలుగా మెత్తగా. బాతు కాబట్టి మీ వాళ్ళకి ఇబ్బంది ఉండకపోవచ్చు, అయినా వేయించే నూనె ఏంటో అడగండి. ఒక్కటే మాట, ముందు గదిలో పాత చెక్క బెంచీలు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి, అమ్మగారి మోకాళ్ళకి అవి వద్దు, మామూలు కుర్చీలున్న టేబుల్ అడగండి.

రీడింగ్_తెనాలి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. నాన్నకి రేషన్ సంగతి చదివి వినిపించా, వాళ్ళ చిన్నప్పుడు కంట్రోల్ బియ్యం రోజులు చెప్పడం మొదలుపెట్టి గంటసేపు మాట్లాడారు. ఫారింగ్డన్ వైపే ఫిక్స్ అయ్యాం, వచ్చే బుధవారం లంచ్. శనివారం కాదు కాబట్టి అమ్మకి గుడ్డు, చేప ఓకే. నోట్‌లో రాయబోయేది ఇదీ, చూసి చెప్పండి: "నలుగురు పెద్దలు, ఆరేళ్ళ బాబు. ఎవరమూ బీఫ్ తినం, వీల్ (దూడ మాంసం) కూడా, స్టాక్, డ్రిప్పింగ్, స్యూయెట్ రూపంలో కూడా వద్దు. ఒకరు పంది మాంసం తినరు, బేకన్‌తో సహా. ఇవి ఎలర్జీలు కావు, మత ఆచారం. ఒకరికి మోకాళ్ళ నొప్పి, మెట్లు లేని చోట కుర్చీలున్న టేబుల్ కావాలి." ఇంకేమన్నా కలపాలా?

వంటింటి_షిఫ్ట్:

చాలా బాగా రాశారు, ఇంత క్లియర్‌గా రాసేవాళ్ళంటే కిచెన్లో అందరికీ ఇష్టం. రెండు కలపండి. స్వీట్లలో జెలటిన్ గురించి ఒక మాట, ఎందుకంటే అది గొడ్డుదైనా పందిదైనా మీ వాళ్ళకి కుదరదు. ఇంకోటి, అన్నీ పంచుకుని తింటాం అని ముందే రాయండి, దాన్ని బట్టి కొంచెం పెద్ద టేబుల్ ఇస్తారు, ఐదుగురికి మధ్యలో ప్లేట్లు పెట్టాలంటే మామూలు టేబుల్ సరిపోదు. టైం పన్నెండుంపావుకి పెట్టుకోండి, ఒంటిగంటకి ఆఫీసుల వాళ్ళు వచ్చి పడతారు, ఆ లోపు మీ ఆర్డర్ లోపలికి వెళ్ళిపోతే చెఫ్‌కి సాస్ మార్చి పొయ్యడానికి తీరిక ఉంటుంది. బుకింగ్‌కి కార్డు నంబరు అడుగుతారు, రాకపోతే మనిషికింతని కోసేస్తారు, ఎవరికైనా ఒంట్లో బాగోక మానుకోవాల్సొస్తే ఎన్ని గంటల ముందు చెప్పాలో కన్ఫర్మేషన్ మెయిల్లోనే ఉంటుంది చూసుకోండి. బాబుకి బ్రెడ్డూ వెన్నా రాగానే ముందు ఇచ్చేయండి, చేప వచ్చేదాకా ఆగలేడు.